కుడి అంటే పేషెంటు కుడి

ముప్పై నాలుగేళ్లు మనుషుల లోపలి ఫొటోలు తీసి బతికాను. పెళ్లి ఫొటోగ్రాఫర్‌కి దక్కే మర్యాదలో సగం కూడా నాకు దక్కలేదు. అతను నవ్వండి అంటే నవ్వుతారు. నేను కదలకండి అంటే సరిగ్గా అప్పుడే దగ్గుతారు. తీసిన ఫొటో చూసి బాగా వచ్చిందని మెచ్చుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. నా గదిలో ఫొటో బాగా వచ్చిందంటే ఎక్కడో ఏదో విరిగిందని అర్థం.

నాచారం ఫ్యాక్టరీల మధ్య ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేరి అక్కడే రిటైరయ్యాను. నా పేరు నర్సింహ. ఈ మధ్య ఉప్పల్‌లో ఒక పారామెడికల్ కాలేజీ వాళ్లు కొత్తగా చేరిన పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడమని పిలిచారు. శాలువా కప్పి, మైకు చేతికిచ్చి, పది నిమిషాల్లో ముగించమన్నారు. గోడ మీద నిలువెత్తు మనిషి బొమ్మ ఉంది. దాని నిండా బాణాలు, బాణాల చివర పేర్లు. పిల్లలు ఆ పేర్లను ఎక్కాల్లాగా వల్లె వేస్తున్నారట. ముందు వరసలో కూర్చున్న ఒక అమ్మాయిని లేపి, "నీ క్లావికల్ ఎక్కడుందమ్మా?" అని అడిగాను. ఆ అమ్మాయి గోడ వైపు తిరిగి బొమ్మలో వెతకడం మొదలుపెట్టింది. మెడ కింద చెయ్యి పెట్టుకుంటే సరిపోయేది, అక్కడే ఉంది ఆ ఎముక.

నవ్వొచ్చింది. వెంటనే నవ్వు ఆగిపోయింది కూడా. ఎందుకంటే నేనూ ఒకరోజు మనిషిని వదిలేసి గోడ మీద బొమ్మను నమ్మాను. దానివల్ల ఐలయ్య అనే మనిషి చావు దాకా వెళ్లాడు. ఆ సంగతి మైకులో పది నిమిషాల్లో చెప్పడానికి నోరు రాలేదు. అందుకని ఏదో రెండు జోకులు చెప్పి దిగిపోయాను. చెప్పనిది ఇక్కడ ఆ పిల్లల కోసం రాస్తున్నాను.

ఒక ఒళ్లు, మూడు భాషలు

మీరు మొదట నేర్చుకునేవి పేర్లు. ఆ పేర్లతోనే మీకు తిప్పలు మొదలవుతాయి. తెలుగు మీడియంలో చదివినవాళ్లకి యకృత్తు, ప్లీహం, క్లోమం అని నేర్పారు. ఆ మాటలు పరీక్ష హాలు దాటి బయటికి రావు. నా సర్వీసులో ఎవరూ వచ్చి, నా ప్లీహం నొప్పిగా ఉంది అన్న పాపాన పోలేదు. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే అవన్నీ లివర్, స్ప్లీన్, ప్యాంక్రియాస్ అయి కూర్చుంటాయి. ఇక బల్ల మీద పడుకున్న మనిషికి ఈ రెండు భాషలూ అక్కర్లేదు. ఆయనకి డొక్కల గుంజుతుంది, బొండిగల అడ్డం పడ్డది, రెక్క లేస్తలేదు, ఈపుల పొడుస్తుంది, పెయ్యంత కాలుతుంది. బొండిగ అంటే గొంతు, రెక్క అంటే భుజం, పెయ్యి అంటే ఒళ్లు.

మాది ఆలేరు దగ్గర పల్లె. మా అమ్మ మాట్లాడేది ఈ మూడో భాషే. అయినా తెల్లకోటు ఒంటి మీద పడగానే నాకు ఎక్కడలేని పొగరు వచ్చింది. రెక్క నొస్తుంది అన్నవాళ్లని ఆపి, "షోల్డర్ అనాలె" అని పాఠం చెప్పేవాడిని. నొప్పితో వచ్చినవాడికి ఇంగ్లీషు నేర్పే వెధవ పని చేసింది మా ఆసుపత్రిలో నేనొక్కడినే అనుకుంటా.

ఇంగ్లీషు పేర్లు నేర్చుకోవద్దని చెప్పడం లేదు. అవి లేకపోతే డాక్టరు రాసిన చీటీ మీకు అర్థం కాదు, మీరు రాసింది డాక్టరుకి అర్థం కాదు. అందులో భయపడాల్సిందీ లేదు. మీడియల్ అంటే ఒంటి నడిమి గీతకి దగ్గర, లేటరల్ అంటే పక్కకి. యాంటీరియర్ ముందు, పోస్టీరియర్ వెనక. ప్రాక్సిమల్ అంటే మొండేనికి దగ్గరిది, డిస్టల్ అంటే దూరంది. మోచేయి ప్రాక్సిమల్, మణికట్టు డిస్టల్. ఉప్పల్‌లో బస్సెక్కినవాడికి ముందు ఏ స్టాపు వస్తుంది, తర్వాత ఏది వస్తుంది అన్నంతే. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. మాస్టార్లు ఉందని నమ్మిస్తారు, లేకపోతే వాళ్లకి గడవదు కదా.

పాషా భాయ్

నాకు పని నేర్పింది పాషా భాయ్. నేను చేరేనాటికే ఆయన ఆ గదిలో పాతుకుపోయిన సీనియర్ టెక్నీషియన్. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మొదటిరోజు నన్ను ఎదురుగా నిలబెట్టి, అరచేతులు ముందుకు తిప్పి, చేతులు పక్కకి వేలాడేయమన్నాడు. జేబులు ఖాళీ అని చూపించే మనిషిలా నిలబడ్డాను.

"దీన్ని అనాటమికల్ పొజిషన్ అంటరు" అన్నాడు. "దునియాల ఎవ్వడు గిట్ల నిలవడడు. గని పేర్లన్ని గిట్ల నిలవడ్డోనికే వెట్టిన్రు."

తర్వాత ఆయన కూడా నా ఎదురుగా అలాగే నిలబడ్డాడు.

"నీ రైట్ జూపియ్."

చూపించాను.

"నా రైట్ జూపియ్."

నా కుడిచేతి వైపుకే చూపించాను. స్కేలుతో వేళ్ల మీద ఒక్కటిచ్చాడు.

"రైట్ అంటే పేషెంటుది. నీది గాదు. నీ రైట్ నీ ఇంట్ల వెట్టుకో."

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ రెండు సీసపు అక్షరాలు ఉండేవి. ఒకటి ఆర్, ఒకటి ఎల్. ఎక్స్‌రే తీసేటప్పుడు పేషెంటు కుడివైపున ఆర్ అతికించాలి. సీసంలోంచి కిరణాలు పోవు కాబట్టి ఫిల్ములో ఆ అక్షరం తెల్లగా పడుతుంది. ఫిల్మును ఎవరైనా తిరగేసి పట్టుకుంటే అక్షరం కూడా తిరగబడుతుంది, బండి నంబరు అద్దంలో కనబడినట్టు. కాబట్టి అక్షరం సరిగ్గా చదవడానికి వస్తే ఫొటో సరిగ్గా ఉన్నట్టు. మా వృత్తిలో ఇంతకన్నా ముఖ్యమైన పాఠం లేదు.

ఆదివారం పొద్దున నన్ను లాలాపేట్‌లో తన దోస్తు మటన్ దుకాణానికి తీసుకుపోయేవాడు. దోస్తు కార్జం కోస్తుంటే పాషా భాయ్ నా చెవిలో లివర్ అనేవాడు. గుర్దా తీస్తే కిడ్నీ, తిల్లి తీస్తే స్ప్లీన్. "ముట్టుకో" అనేవాడు. ఊపిరితిత్తిని వేళ్లతో నొక్కితే లోపల గాలి చిటచిటమంటుందని, లివర్ అనుకున్నదానికన్నా బరువుంటుందని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. వెనక నిలబడిన గిరాకీలు మమ్మల్ని అనుమానంగా చూసేవారు. ఒకావిడ మా మాటలు విని, మాంసం తీసుకోకుండానే పక్క దుకాణానికి వెళ్లిపోయింది. నేను కూడా రెండు వారాలు ఇంట్లో మటన్ ముట్టలేదు. మూడో వారం మా ఆవిడ బోటి కూర చేసింది, ఆ నియమం అంతటితో అయిపోయింది.

పాషా భాయ్ దేవుడని అనుకోకండి. డార్క్‌రూమ్‌లో తలుపు వేసుకుని సిగరెట్లు కాల్చేవాడు, ఫిల్ములు మసకబారితే కంపెనీని తిట్టేవాడు. సీసపు ఆప్రాన్ ఆయన ఒంటి మీద నేనెప్పుడూ చూడలేదు, కుర్చీ మీద మెత్తగా ఉంటుందని మడతపెట్టి దాని మీద కూర్చునేవాడు. కానీ పేషెంటు ఒంటి మీద చెయ్యి పెట్టకుండా, ఎక్కడ నొస్తుందో అడగకుండా ఒక్క ఫొటో తీయలేదు. ఆయన రిటైరై వెళ్లిపోయాక ఆ గది నాదైంది. ఆయన అలవాట్లలో సిగరెట్టు తప్ప మిగతావన్నీ నాకు వచ్చాయని అనుకున్నాను. అదీ నా పొరపాటే.

వేళ్లు లెక్కపెట్టకండి

మా చుట్టూ అన్నీ ప్రెస్సు మిషన్లు, మోల్డింగు మిషన్లు. అందుకని మాకు వేళ్ల పేషెంట్లు ఎక్కువ. ఒకసారి డ్యూటీ డాక్టరు చీటీ మీద మూడో వేలు అని రాశాడు. పుస్తకం ప్రకారం బొటనవేలు ఒకటి, చూపుడువేలు రెండు, నడిమి వేలు మూడు. నేను తొందరలో చూపుడువేలు నుంచి లెక్కపెట్టి ఉంగరం వేలుని ఫొటో తీశాను. అందులో ఏ దెబ్బా లేదు. డాక్టరు బాగుందని చెప్పి పంపించేశాడు.

ఆ మనిషి మర్నాడు ఉబ్బిన వేలితో వచ్చాడు. చెయ్యి నా మొహం ముందు పెట్టాడు.

"సార్, దెబ్బ తాకిన ఏలిని ఇడిసిపెట్టి మంచిగున్న ఏలికి ఫొటో తీసిన్రు. గిది మాట్లాడకుంట ఉన్నదనా?"

పక్కన ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఉబ్బిన వేలు కళ్ల ముందే ఉండగా, నేను కాగితం మీది అంకెని చూశాను. ఆరోజే బుద్ధి రావాల్సింది. నవ్వులాటగా తీసుకునేసరికి రాలేదు. వేళ్లకి పేర్లు రాయండి, అంకెలు వేయకండి అని ఒక కాగితం గోడకి అతికించి, దాంతో పని అయిపోయిందనుకున్నాను.

ఐలయ్య ఛాతీ

రిటైర్మెంట్ ఇంకో రెండేళ్లు ఉందనగా జరిగింది ఇది. అప్పటికి డార్క్‌రూమ్ పోయి కంప్యూటర్ వచ్చింది. ఫిల్ముకి బదులు పలక. ఎక్స్‌రే పడ్డ పలకని రీడర్‌లో పెడితే స్క్రీన్ మీద బొమ్మ వస్తుంది. దాన్ని పెద్దది చేయొచ్చు, నల్లగా చేయొచ్చు, అంచులు కత్తిరించొచ్చు, ఒక్క బటన్ నొక్కితే కుడి ఎడమలు తిప్పేయొచ్చు. పాషా భాయ్ కాలంలో తప్పు చేయాలంటే కష్టపడాలి. కంప్యూటర్ వచ్చాక ఆ కష్టం పోయింది.

నా కింద మౌనిక అనే అమ్మాయి కొత్తగా చేరింది. జవహర్‌నగర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. మాట తక్కువ, పని శుభ్రం. నాకు అలాంటివాళ్లంటే కొంచెం చిరాకు, నా జోకులకి నవ్వరు కాబట్టి.

ఆరోజు పొద్దున ఐలయ్య వచ్చాడు. దగ్గరలోని ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో మోల్డింగు మిషన్ మీద పనిచేస్తాడు, జనగామ దిక్కు మనిషి, ముప్పై అయిదేళ్లు ఉంటాయి. రాత్రి నుంచి పొత్తికడుపులో ఎడమవైపు నొప్పి, వాంతులు, కొద్దిగా జ్వరం. అడ్మిట్ చేసి, మామూలుగా అందరికీ రాసినట్టే ఛాతీ ఎక్స్‌రే రాశారు. పొట్ట పట్టుకుని వంగి నడుస్తున్న ఆయన్ని భార్య సత్తెమ్మ మా గదికి తీసుకొచ్చింది.

"సారూ, ఒక్క మాట" అంది ఆమె. "మా ఆయినకు గుండె గీ దిక్కు కొట్టుకుంటది. సిన్నప్పటిసంది గంతే." కుడివైపు తన ఎద మీద చెయ్యి పెట్టి చూపించింది.

నేను ఏమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. రాస్తాను. "పెండ్లయినంక మొగోళ్ల గుండె ఎటు పోతదో చెప్పలేం అక్కా" అన్నాను. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. ఐలయ్య నొప్పిలో కూడా కొంచెం మూతి కదిపాడు. సత్తెమ్మ నవ్వలేదు. మౌనికా నవ్వలేదు. నేను టీ తాగడానికి వెళ్లాను, మౌనిక ఎక్స్‌రే తీసింది.

తిరిగి వచ్చేసరికి స్క్రీన్ మీద బొమ్మ ఉంది. గుండె కుడివైపు ఉంది.

"ఇదేంది?" అన్నాను.

"ఛెస్ట్ సార్. ఇందాక పోయిన ఐలయ్యది."

"గుండె ఎటుంది?"

"రైటుకు వచ్చింది సార్."

"వచ్చుడేంది, గుండె ఏమన్న బస్సా?"

ఆ పిల్ల మొహం ఎర్రబడింది, కానీ వెనక్కి తగ్గలేదు. "మార్కర్ నేనే పెట్టిన సార్. ఆయన రైట్ సైడే పెట్టిన. ఆర్ అక్షరం సక్కగనే చదువస్తుంది సూడున్రి. ఇమేజ్ తిరగబడితే అది గూడ తిరగబడాలె గద."

పాషా భాయ్ నాకు నేర్పిన పాఠాన్నే ఆ పిల్ల నాకు అప్పజెప్పింది. నాకు తెలియని సంగతి కాదు. అక్షరం నా కళ్ల ముందే ఉంది, సరిగ్గా ఉంది. కానీ ముప్పై ఏళ్లుగా కొన్ని వేల ఛాతీలు చూసినవాడిని, నిన్న కాక మొన్న వచ్చిన పిల్ల చెబితే అక్షరం చూడాలా? గుండె ఎడమవైపు ఉంటుంది. గోడ మీద బొమ్మలో కూడా అలాగే ఉంది.

"కుడి ఎడమ తెల్వకుంట కోర్సు ఎట్ల పాసైనవ్?" అని కసిరాను. మౌస్ లాక్కున్నాను. బటన్ నొక్కి బొమ్మని తిప్పాను. గుండె బుద్ధిగా ఎడమవైపుకి వచ్చేసింది, ఆర్ అక్షరం మాత్రం తిరగబడింది. అంచు కత్తిరించి ఆ అక్షరాన్ని తీసేశాను. కంప్యూటర్‌లోంచి కొత్త ఆర్ తెచ్చి నాకు కావలసిన చోట పెట్టాను. ప్రింటు తీసి వార్డుకి పంపించాను. మొత్తం అర నిమిషం కూడా పట్టలేదు.

అదే సమయానికి వార్డులో ఐలయ్య ఈసీజీ కూడా తేడాగా వచ్చిందని నాకు తర్వాత తెలిసింది. చేతుల వైర్లు కుడి ఎడమ మార్చి పెట్టావని డ్యూటీ డాక్టరు నర్సుని కోప్పడ్డాడు. ఆమె వైర్లు మార్చి మళ్లీ తీసింది. ఈసారి కొంచెం నయంగా కనబడింది, ఫైల్లో పెట్టేశారు. రెండు మిషన్లు నిజం చెప్పాయి, చదువుకున్న మేమంతా కలిసి వాటిని సరిదిద్దాం.

మా సర్జన్ గారు ఫైలు చూశారు. మంచి చెయ్యి ఆయనది, కోపం ముక్కు మీదే ఉంటుంది. అపెండిక్స్ నొప్పి కుడివైపు వస్తుంది. ఈయనకి ఎడమవైపు. ఛాతీ ఎక్స్‌రే మామూలుగా ఉంది. కిడ్నీలో రాయి కావచ్చు అనుకుని, నొప్పికి ఇంజెక్షన్, సెలైన్ రాసి, సాయంత్రం ఆరింటికి స్కానింగ్ డాక్టరమ్మ వచ్చాక చూద్దామన్నారు. ఆయన చేతిలో ఉన్న కాగితాలను బట్టి ఆయన ఆలోచించింది సరైనదే. ఆ కాగితాల్లో ఒకటి నేను తయారుచేసింది.

చెయ్యి పెట్టి చూస్తే

మధ్యాహ్నం ఒంటిగంటకి టిఫిన్ డబ్బా తెరిచాను. మౌనిక వచ్చి ఎదురుగా నిలబడింది. తన డబ్బా మూత తీయలేదు.

"సార్, నన్నేమన్న అనున్రి. ఒక్కసారి వార్డుకు రాన్రి."

"ఎందుకు?"

"నేను పోయి సూసిన సార్. జర మీరు గూడ చెయ్యి పెట్టి సూడున్రి."

కోపంగానే లేచాను. ఆ పిల్లకి నలుగురి ముందూ గుండె ఎక్కడుంటుందో చూపించి ఈ గొడవ తేల్చేద్దామని వెళ్లాను. వార్డులో ఐలయ్య మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని పడుకున్నాడు. ఒళ్లు కాలిపోతోంది. ఇంజెక్షన్ నొప్పిని కాసేపు కప్పిపెట్టి వదిలేసినట్టుంది, పెదాలు ఎండిపోయి మూలుగుతున్నాడు. సత్తెమ్మ తడిగుడ్డతో ఆయన మెడ తుడుస్తోంది. నన్ను చూసి పక్కకి జరిగింది.

చొక్కా గుండీలు విప్పి ఎడమవైపు అరచేయి పెట్టాను. ఏమీ లేదు. ఇంకొంచెం కిందికి జరిపాను. గోడ మీద చెయ్యి పెట్టినట్టుంది. కుడివైపుకి తీసుకెళ్లాను. టపటపమని నా అరచేతిని తన్నింది.

ముప్పై ఏళ్లకి పైగా గుండెలకి ఫొటోలు తీసినవాడిని, ఒక మనిషి గుండె మీద నేను చెయ్యి పెట్టి ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదు.

గుండె అటు ఉన్నవాళ్లలో చాలామందికి కాపురం మొత్తం అటే ఉంటుంది. లివర్ ఎడమవైపు, స్ప్లీన్ కుడివైపు. పుట్టుకతోనే అంతా అద్దంలో బొమ్మలా ఉంటుంది, దానివల్ల వాళ్లకి ఏ ఇబ్బందీ ఉండదు, చాలామందికి ఆ సంగతే తెలియదు. అంటే ఐలయ్య అపెండిక్స్ కూడా ఎడమవైపు కిందనే ఉంటుంది. ఆయన రాత్రి నుంచి చెయ్యి పెట్టి చూపిస్తున్నది ఆ చోటునే. అది పగిలితే చీము పొట్టంతా పాకుతుంది. స్కానింగ్‌కి ఇంకా అయిదు గంటలుంది.

మెట్లు దిగుతూ నేనేమి ఆలోచించానో అదీ రాస్తాను, మీకు పనికొస్తుంది. కంప్యూటర్‌లో అసలు బొమ్మ అలాగే ఉంది. దాన్ని మళ్లీ ప్రింటు తీసి, ఫైల్లో పాతదాని చోట పెట్టేసి, "సార్, ఒకసారి ఈ ఎక్స్‌రే చూడండి" అంటే చాలు. ఐలయ్య బతుకుతాడు, నా పరువూ బతుకుతుంది. మౌనిక ఎవరికీ చెప్పదు, అలాంటి పిల్ల కాదు. ఈ లెక్కంతా ఒక అంతస్తు దిగేలోపల వేశాను. కానీ ఆ ప్రింటు తీయాలంటే ముందు నా గదికి పోవాలి, కంప్యూటర్ తెరవాలి, ఆ తర్వాత మళ్లీ పైకి రావాలి. నా పరువు కోసం ఆ మనిషికి ఇంకో పావుగంట ఆలస్యం చేయాలి. పొద్దున చేసిన ఆలస్యం చాలదా అనిపించింది. నా మీద నాకే అసహ్యం వేసింది. నేరుగా సర్జన్ గారి గది తలుపు తోశాను.

ఆయన భోజనం చేస్తున్నారు.

"సార్, ఐలయ్య ఎక్స్‌రే నేను తిప్పిన."

"తిప్పడమేమిటయ్యా?"

"బొమ్మల గుండె కుడిదిక్కు వచ్చింది. ఆ పిల్ల తప్పు తీసిందనుకొని నేను ఎడమకు తిప్పిన. మార్కర్ గూడ మార్చిన. ఆ పిల్ల సరిగ్గనే తీసింది సార్. ఇప్పుడే చెయ్యి పెట్టి సూసిన, గుండె కుడిదిక్కే కొట్టుకుంటుంది."

కలిపిన ముద్ద కంచంలో వదిలేశారు. ఆయనకి ఇక నేనేమీ చెప్పనక్కర్లేదు. చెయ్యి కడుక్కుంటూ ఒక్క మాట అడిగారు.

"ఎన్నింటికి తిప్పావు?"

"తొమ్మిదిన్నరకు సార్."

గోడ గడియారం వైపు చూశారు. "మూడున్నర గంటలు, నర్సింహా" అన్నారు. అంతే. తిట్టలేదు. మామూలుగా సెలైన్ స్టాండు చప్పుడైతేనే ఆసుపత్రి అదిరేలా తిట్టే మనిషి. ఆరోజు తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

గంటలోపల ఐలయ్యని థియేటర్‌లోకి తీసుకెళ్లారు. ఎడమవైపు కోశారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను, సత్తెమ్మకి ఇద్దరు మనుషులు పట్టేంత దూరంలో. ఆమె నా వైపు చూడలేదు. ఆమెకి ఇంకా ఏమీ తెలియదని నాకు తెలుసు, అందుకే పక్కన కూర్చోవడం ఇంకా కష్టమైంది. సర్జన్ గారు బయటికి వచ్చి, అపెండిక్స్ పగిలే దశలో దొరికిందని, మనిషి గట్టెక్కాడని ఆమెకి చెప్పారు. తర్వాత నా వైపు తిరిగి, "సాయంత్రం దాకా ఆగుంటే ఈ మాట ఇంకోలా చెప్పాల్సి వచ్చేది" అన్నారు. ఆమె మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

మర్నాడు పొద్దున డాక్టర్లు, నర్సులు అందరి ముందూ ఆయన నన్ను జరిగింది జరిగినట్టు చెప్పమన్నారు. చెప్పాను. అవమానం అనుకుంటే అవమానమే. కానీ నేను కూర్చున్నాక ఈసీజీ నర్సు లేచి తన సంగతి చెప్పింది, ఆ తర్వాత డ్యూటీ డాక్టరు కూడా లేచాడు. ఆరోజు నుంచి మా గదిలో బొమ్మ తిప్పాలంటే ఇద్దరు కలిసి పేషెంటు దగ్గరికి వెళ్లి చూసి రావాలి. మౌనికని నేను అక్కడే అందరి ముందూ క్షమించమని అడిగాను. ఆ పిల్ల తల వంచుకుని, "అట్లెందుకు సార్" అంది. పొగడ్తలు వస్తే కూడా దానికి అంతే మాట.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. సీనియర్ మాట వినాలని మీకు ప్రతివాడూ చెబుతాడు. వినండి. కానీ మీరు పెట్టిన మార్కర్ మీద మీకు నమ్మకం ఉంటే, సీనియర్ ఎంత అరిచినా పేషెంటు మంచం దగ్గరికి లాక్కెళ్లండి. సీనియర్‌కి కోపం వస్తే రానివ్వండి. ఆ కోపం వల్ల ఇప్పటిదాకా ఎవరి అపెండిక్సూ పగల్లేదు.

అయిదోరోజు ఐలయ్యకి దగ్గు మొదలైంది. ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తుల్లో ఏమైనా చేరిందేమోనని మళ్లీ ఛాతీ ఎక్స్‌రే రాశారు. ఈసారి తన కాళ్ల మీద తనే నడిచి వచ్చాడు, పొట్ట మీద చెయ్యి ఆనించుకుని. సత్తెమ్మ వెనకే ఉంది. అప్పటికి సర్జన్ గారు ఆమెకి అంతా చెప్పేశారు. మౌనిక ఆయన్ని పలక ముందు నిలబెడుతుంటే, ఆమె నా దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు.

"సారూ, గా దినం నేను జెప్పిన గద. ఎందుకు ఇనలే?"

నా దగ్గర చాలా జవాబులున్నాయి. ఇలాంటివి చాలా అరుదు అని చెప్పొచ్చు. దీనికి పొడుగాటి లాటిన్ పేరు ఉంది, ఆ పేరు చెప్పొచ్చు. పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో కూడా జరుగుతాయి అని చెప్పొచ్చు. ఆమె అడిగింది అవేవీ కాదు. నొప్పితో ఉన్న మనిషి తరఫున ఒక మాట చెబితే, దాన్ని నేను నవ్వులాటకి తీసుకున్నాను. ఎందుకని అడుగుతోంది.

"తప్పయింది అక్కా" అన్నాను.

డాక్టర్లకి ఈ మాట చెప్పాను, యజమానికి చెప్పాను, మిషన్ బాగుచేయడానికి వచ్చిన కంపెనీ మనిషికి కూడా చెప్పాను. పేషెంటు ఇంటి మనిషికి చెప్పడం నా సర్వీసు మొత్తంలో అదే మొదటిసారి.

"సరే తియ్" అంది సత్తెమ్మ. "ఇప్పుడన్న ఉన్నది ఉన్నట్టు తియ్యి."

మౌనిక పలకని రీడర్‌లో పెట్టింది. బొమ్మ మెల్లగా పైనుంచి కిందికి దిగింది. పక్కటెముకలు, ఊపిరితిత్తులు, కుడివైపు గుండె, దాని పక్కన సరిగ్గా చదవడానికి వస్తున్న ఆర్. నేను మౌస్ ముట్టుకోలేదు. సత్తెమ్మని లోపలికి పిలిచి, స్క్రీన్ ముందు నా కుర్చీలో కూర్చోబెట్టాను. ఆమె కాసేపు వెతుక్కుని, తెల్లగా ఉన్న ఆ చోట వేలు ఆనించింది.

"గిదే గద?"

"గిదే అక్కా" అన్నాను.